అల్యూమినియం మగ్గులో యాసిడ్ ఎందుకు పొంగింది?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. చర్యాశీలత శ్రేణిలో (లోహాలను చురుకుదనాన్ని బట్టి పైనుంచి కిందికి పేర్చిన వరుస) ఇనుము, జింకు కన్నా అల్యూమినియం పైన ఉంటుందని చదువుతున్నాడు. మరి రోజూ అల్యూమినియం గిన్నెలోనే అన్నం వండుతున్నాం, ఏమీ కాదు. మొన్న బాత్రూమ్ యాసిడ్‌ని పాత అల్యూమినియం మగ్గులో పోస్తే మాత్రం, కాసేపు ఏమీ లేదు, తర్వాత బుసబుసా పొంగి, పట్టుకోలేనంత వేడెక్కి, అడుగున చిల్లు పడింది. ఎవరి మీదా పడలేదు గానీ చాలా టెన్షన్ పడ్డాం. ఎందుకిలా?
– ఒక గృహిణి, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: మీ అబ్బాయి చదివిందీ నిజమే, మీరు చూసిందీ నిజమే అమ్మా. అల్యూమినియం చాలా చురుకైన లోహం. ఎంత చురుకంటే, గాలి తగిలిన క్షణంలోనే ఆక్సిజన్‌తో కలిసి పైన ఆక్సైడ్ పొర కట్టేస్తుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు, కానీ నీళ్లలో కరగదు. గీత పడినా మళ్లీ వెంటనే కట్టుకుంటుంది. అంటే మీ అన్నం గిన్నెలో నీళ్లు అసలు లోహాన్ని తాకడమే లేదు.

బాత్రూమ్ యాసిడ్ అంటే సాధారణంగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ‘కాసేపు ఏమీ లేదు’ అన్నారు చూడండి, ఆ కాసేపట్లో అది ఆ పొరను తినేస్తోంది. లోపలి లోహం దొరికాక హైడ్రోజన్ బుడగలు, వేడి మొదలవుతాయి, ఆ వేడికి చర్య ఇంకా జోరందుకుంటుంది, దాంతో మరింత వేడి... అందుకే ఒక్కసారిగా పొంగింది.

శ్రేణిలో అల్యూమినియం కన్నా పైనున్న సోడియానికీ పైపొర ఉంటుంది గానీ నీళ్లలో పడగానే కరిగిపోతుంది, ఇక అడ్డేముంది? అందుకే దాన్ని కిరోసిన్‌లో ఉంచుతారు. ల్యాబ్‌లో టీచరు కందిగింజలో సగమంత ముక్క నీళ్లలో వేస్తే మీ అబ్బాయిని గమనించమనండి. మునగదు, 98 డిగ్రీలకే కరిగే లోహం కాబట్టి తన వేడికి తనే కరిగి, గుండ్రటి వెండి పూసలా బుస్సుమంటూ నీళ్ల మీద పరుగులు తీస్తుంది. రాగి సంగతి వేరు, శ్రేణిలో హైడ్రోజన్ కన్నా కింద ఉంది, కాబట్టి ఇలాంటి ఆమ్లాల నుంచి హైడ్రోజన్‌ని బయటికి నెట్టలేదు. చింతపండుతో రాగి చెంబు తోమితే నలుపు, చిలుము పోతాయే తప్ప బుడగలు రావు.

ఇక మీ ఇంట్లో జాగ్రత్త. యాసిడ్‌ని దాని ప్లాస్టిక్ డబ్బాలోనే ఉంచండి. జింకు పూత పూసిన రేకు బకెట్‌లోనూ పోయొద్దు, అదీ ఇలాగే బుడగలు కక్కుతుంది, పైగా హైడ్రోజన్ మండే వాయువు, దగ్గర్లో గ్యాస్ గీజర్ వెలుగుతుంటే ప్రమాదం. బ్లీచింగ్ పౌడర్‌తో అసలే కలపొద్దు, విషపు క్లోరిన్ వస్తుంది. చింతపండు పులుసులోనిది బలహీనమైన ఆమ్లమే అయినా రాత్రంతా ఉంటే ఆ పొరను కొద్దికొద్దిగా కరిగిస్తుంది, కాబట్టి మిగిలిన పులుసుని స్టీలు గిన్నెలోకి మార్చేయండి.