అమ్మలూ, సర్టిఫికెట్‌ని బయటి నుంచి చూడు

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

మాదాపూర్ ఆఫీసులో సర్వర్లు నీ చేతికిచ్చారని మీ నాన్న చెప్పాడు. సైటు అసలుదేనని చూపించే సర్టిఫికెట్ మార్చాక క్రోమ్‌లో తెరిచి, బానే వచ్చిందని వదిలేస్తున్నావట. ఆ అలవాటు మానుకో తల్లీ.

అమీర్‌పేటలో ఓ చిన్న ఆఫీసులో ఉన్నప్పుడు నేనూ అంతే చేశాను. బ్రౌజర్‌లో సైటు చక్కగా వచ్చింది. ఇంటికెళ్లి అన్నం కలుపుకుంటుంటే ఫోన్: యాప్‌లో ఎవరికీ లాగిన్ అవట్లేదు. సర్వర్ మన సర్టిఫికెట్ ఒక్కటే పంపుతోంది, దాన్ని రూట్‌తో, అంటే ఫోన్లూ బ్రౌజర్లూ ముందే నమ్మే మూల సర్టిఫికెట్‌తో, కలిపే ఇంటర్మీడియట్ అనే మధ్య సర్టిఫికెట్ పంపట్లేదు. బ్రౌజర్ దాన్ని ఇదివరకు ఎక్కడో చూసి దాచుకునో, తానే తెచ్చుకునో సర్దుకుపోతుంది. ఆండ్రాయిడ్ యాపులు, కమాండ్‌తో సైట్లు తెరిచే కర్ల్, జావా ప్రోగ్రాములు మామూలుగా సర్దుకోవు. ఆ రాత్రి జనం పడ్డ ఇబ్బంది నాకింకా గుర్తే.

అందుకే ఆఫీసు నెట్ వదిలి, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ టూల్‌లోని ఎస్‌-క్లయింట్ కమాండ్‌తో సర్వర్ 443 పోర్టుకి (హెచ్‌టీటీపీఎస్ వాడేది) కనెక్ట్ అవ్వు. సర్టిఫికెట్ చెయిన్ కింద 0, 1 అని వరుసలు కనబడాలి. 0 ఒక్కటే ఉంటే ఇంటర్మీడియట్ లేనట్టే. మీ వెబ్ సర్వర్ ప్రోగ్రాం ఎంజిన్‌ఎక్స్ అయితే, అందులో ఫుల్‌చెయిన్ ఫైలు (మన సర్టిఫికెట్, ఇంటర్మీడియట్ రెండూ ఉండేది) ఇచ్చావో లేదో చూసుకో. వెరిఫై రిటర్న్ కోడ్ 0 రావాలి, 21 వస్తే చెయిన్ తెగిందని. కోడ్ 0 వచ్చినా డొమైన్ పేరు సరిపోయిందనుకోకు. వెరిఫై-హోస్ట్‌నేమ్ ఆప్షన్ ఇస్తేనే పేరు పోల్చి చూస్తుంది. టీఎల్‌ఎస్‌ని (సైటుతో మాటల్ని రహస్యంగా ఉంచే పద్ధతి) ముందుండి పని పంచే లోడ్ బ్యాలెన్సర్ కాకుండా, వెనక సర్వర్లే చూసుకుంటుంటే, ఒక్కోదాన్నీ ఐపీతో విడిగా చూడు. అప్పుడు సర్వర్‌నేమ్ ఆప్షన్‌లో డొమైన్ ఇవ్వకపోతే వేరే సైటు సర్టిఫికెట్ రావచ్చు.

ఇంకోటి. డిస్కు మీద ఫైలు కొత్తదైనా, రీలోడ్ చేసేదాకా ఎంజిన్‌ఎక్స్ మెమరీలో పాతదే ఉంటుంది. కాబట్టి గడువు తేదీని ఫైల్లో కాదు, సర్వర్ పంపినదాంట్లో చూడు. క్యాలెండర్ మీద గడువు తేదీకి సున్నా చుట్టి పెట్టుకునే రోజులు పోయాయి: 2026 మార్చి 15 నుంచి కొత్త సర్టిఫికెట్లకు గరిష్ఠ గడువు 200 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47. రెన్యువల్, రీలోడ్, చెక్ మూడూ వేళకి వాటంతటవే జరిగేలా క్రాన్‌లో పెట్టు.

టీఎల్‌ఎస్ పాత వెర్షన్లు 1.0, 1.1లను 2021లోనే పక్కన పెట్టేశారు, నువ్వూ ఆపెయ్యి. పరీక్షించేటప్పుడు జాగ్రత్త, నీ మెషీన్‌లోని కొత్త ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్లే వాటికి ఒప్పుకోకపోవచ్చు. అది చూసి సర్వర్ కాదందనుకోకు.

మొన్న మార్చిన సర్టిఫికెట్‌ని ఇవాళ రాత్రే ఇలా చూసి, వచ్చిన అవుట్‌పుట్ నాకు వాట్సాప్ చెయ్యి. మేలుకునే ఉంటాను.

మీ పెదనాన్న