అర్మకొండ ఎక్కబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి, మామయ్య ఆశీస్సులు.

డిసెంబరులో స్నేహితురాళ్లతో అర్మకొండ ఎక్కుతున్నావని మీ అమ్మ ఫోను చేసింది. చెప్పడానికి కాదులే, నిలదీయడానికి. చిన్నప్పుడు నీకు మన్యం కబుర్లు నూరిపోసింది నేనేనట. ఒప్పుకున్నాను. 1,680 మీటర్ల కొండ, తూర్పు కనుమల్లో బాగా ఎత్తయిన వాటిలో ఒకటి. మన ఇంట్లో దాన్ని ఎక్కుతానన్న మొదటి మనిషివి నువ్వు. పాడేరు చుట్టుపక్కల మలేరియా విభాగంలో ఉద్యోగమంతా గడిపిన నేనే దాన్ని కింది నుంచి చూడడంతో సరిపెట్టుకున్నాను.

దారి సంగతి త్వరగా చెప్పేస్తాను. కింది ఊళ్లో ఒక మనిషిని తోడు తీసుకో, కూలి దగ్గర బేరమాడకు. పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నానికల్లా వెనక్కి తిరుగు. చలికాలంలో కొండల మధ్య పొద్దు గబుక్కున వాలిపోతుంది. పొగమంచు కమ్మితే ఉన్నచోటే కూర్చో. గెడ్డ, అంటే కొండవాగు, దాని వెంట దిగితే ఊరు వస్తుందనుకుంటారు చాలామంది. ఆ గెడ్డ బండల మీద నుంచి కిందికి దూకే చోట ఏం చేస్తావు? స్వెట్టరు, నీళ్లు, బెల్లం ముక్క. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది దోమ.

నవ్వకు. పట్నంలో దోమంటే మురుగు కాలువ గుర్తొస్తుంది. మన్యంలో మలేరియా దోమ గుడ్లు పెట్టేది నువ్వు ముచ్చటపడి ఫోటో తీసుకునే గెడ్డ అంచునే, గడ్డి పరకల మధ్య మెల్లగా కదిలే తేట నీటిలో. పొద్దుగూకాక మొదలుపెట్టి తెల్లవారేదాకా కుడుతుంది. అంటే కొండ మీద పగలంతా నీకు భయం లేదు, ముందురోజు రాత్రి పడుకునే చోట ఉంది. మేము ఇంటింటికీ వెళ్లి గోడలకు మందు కొట్టేవాళ్లం. పండగ వస్తోందని ఆడవాళ్లు ఆ గోడలనే మట్టితో శుభ్రంగా అలికేసేవారు, మందంతా మట్టి కిందకు పోయేది. ఒకసారి కేకలేశాను. ఒక అవ్వ రాగి అంబలి గ్లాసు చేతిలో పెట్టి, "మందు నీది, ఇల్లు నాది కదా బాబూ" అంది. ఏమంటాను, తాగేసి వచ్చాను.

అసలు ఈ ఉత్తరం రాయించింది ఒక కుర్రవాడు. నా పాత స్నేహితుడి కొడుకు, నీ వయసువాడే. వలిసె పూలు చూడాలని వచ్చి, ఒక ఊళ్లో నెగడు పక్కన నులకమంచం మీద ఆరుబయట పడుకున్నాడు. నేనిచ్చిన దోమతెర సంచిలోనే ఉంది. చలికి దోమలేమిటి అన్నాడట. హాయిగా తిరిగి ఇంటికి వెళ్లాడు. పన్నెండో రోజున వణుకు, ఆపైన ఒళ్లు కాలిపోయే జ్వరం, తర్వాత చెమట. చెమట పట్టగానే తగ్గిపోయిందనుకున్నాడు. మర్నాడు మళ్లీ. వైద్యుడు బయట ఏం తిన్నావని అడిగాడు, ఎక్కడికి వెళ్లావని అడగలేదు. వీడూ చెప్పలేదు. వెళ్లొచ్చి అన్ని రోజులైతే దానికీ దీనికీ ముడిపెట్టాలని ఎవరికి తోస్తుంది? టైఫాయిడ్ మాత్రలు మింగుతూ కూర్చున్నాడు. మూత్రం కాఫీ డికాషన్ రంగులోకి మారి, తల్లిని పోల్చుకోలేక ఎవరమ్మా నువ్వు అన్నప్పుడు ఆమె నాకు ఫోను చేసింది. వేలు గుచ్చి రక్తం చూశారా అని అడిగాను. లేదంది. చూస్తే ఫాల్సిపేరం రకం మలేరియా. మన్యంలో ఎక్కువగా కనిపించేది అదే, మెదడుకు ఎక్కేదీ అదే. బతికాడు. మూత్రపిండాలు కోలుకునేదాకా ఆసుపత్రి వరండాలో వాళ్ల నాన్న పక్కన కూర్చున్నాను. ఆయన నన్నొక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

అందుకని విను. నువ్వు తిరిగొచ్చిన నెలరోజుల్లో ఒళ్లు వెచ్చబడితే, అది జలుబేనని నువ్వు ఎంత నమ్మినా సరే, వైద్యుడి ముందు కూర్చోగానే "ఏజెన్సీకి వెళ్లొచ్చాను, మలేరియా పరీక్ష చేయండి" అను. ఆయన విసుక్కున్నా అను. అదే రోజు పరీక్ష, అదే రోజు మందు. త్వరగా పట్టుకుంటే మాత్రలతో పోయే జబ్బు ఇది. మోకాళ్లు నొప్పి అని కొండ సగంలో వెనక్కి వచ్చినా నేనేమీ అనను గానీ, ఈ ఒక్క విషయంలో బద్ధకించావో, నీ ఇంటికొచ్చి చెవి మెలిపెడతాను. అంత పెద్దదానివైనా సరే.

మందు పూసిన దోమతెర బస్సు పార్శిలులో పంపిస్తున్నాను. అంచులు పరుపు కిందకు దోపుకోవాలి, ఊరికే వేలాడదీస్తే లాభం లేదు. నీ స్నేహితురాళ్లకూ ఒక్కొక్కటి పెట్టాను. తిరుగు ప్రయాణంలో మాడుగులలో ఆగితే నాకు అరకిలో హల్వా తీసుకో. నా షుగరు సంగతి గుర్తుచేసే అవకాశం మాత్రం మీ అత్తయ్యకు ఇవ్వకు.

మీ మామయ్య