కబడ్డీ కాదు, ఆ మాత్రలు మాన్పించండి

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. కబడ్డీలో జిల్లా జట్టుకు ఎంపికైంది. ఒకప్పుడు చుట్టాలొస్తే గదిలోంచి బయటికి వచ్చేది కాదు, ఇప్పుడు నలుగురిలో ధైర్యంగా మాట్లాడుతోంది. అయితే నాలుగు నెలలుగా నెలసరి రాలేదు. అంతకుముందు పోటీలప్పుడు వాయిదా కోసం మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి రెండు మూడుసార్లు వేశాం. ఇలా దూకితే గర్భసంచి జారుతుందని, పిల్లలు పుట్టరని మా అత్తగారు అంటున్నారు. ఆట మాన్పించాలా?
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అత్తగారి భయం సంగతి ముందు తేల్చేస్తానమ్మా, నన్ను కంగారుపెట్టింది అది కాదు. ఆటలాడితే గర్భసంచి జారదు, పిల్లలు పుట్టకుండా పోరు. మీ జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు, ఆ తర్వాత తల్లి కూడా అయ్యారు.

మూడు నెలలు వరసగా రాకపోతే అప్పుడే చూపించాలి, మీరు నాలుగు నెలలు ఆగారు. ఆటలాడే పిల్లల్లో నేను తరచూ చూసేది తిండి చాలకపోవడం. తెల్లారకముందే టీ తాగి గ్రౌండ్‌కి, మధ్యాహ్నం బాక్సులో రెండు ముద్దలు, సాయంత్రం మళ్లీ గ్రౌండ్. పైగా కబడ్డీలో బరువు పరిమితి ఉంటుంది కాబట్టి పోటీల ముందు కడుపు మాడ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఒంటికి శక్తి చాలకపోతే నెలసరి ఆగిపోవచ్చు, ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గి, గట్టిపడాల్సిన వయసులో ఎముకలు బలహీనపడతాయి. మీ అమ్మాయికీ ఇదే అని చూడకుండా చెప్పలేను, థైరాయిడ్ కావచ్చు, హార్మోన్ల తేడాతో అండాశయాలకు వచ్చే పీసీఓఎస్ సమస్య కూడా కావచ్చు. గర్భ పరీక్ష కూడా రాస్తారు, నెలసరి ఆగిందంటే ఎవరికైనా రాసేదే, పిల్లని అనుమానంగా చూడకండి.

ఇక ఆ మాత్రలు. అవసరమైతే మేమూ రాస్తాం, కాని అన్నీ అడిగాక. ఇంట్లో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిందా, పిల్లకి మైగ్రేన్ ఉందా అని షాపులో అడిగారా? పేరు చెప్పగానే స్ట్రిప్ కత్తిరించి ఇచ్చి ఉంటారు. పక్కింటావిడకి పడిందని మనకీ పడుతుందనుకోవడం మానండి. నెలసరి రప్పించే మాత్రలు కూడా సొంతంగా వేయొద్దు.

ఈ వారంలోనే గైనకాలజిస్టుకు చూపించండి, పాత స్ట్రిప్ ఉంటే తీసుకెళ్లండి. హిమోగ్లోబిన్ కూడా చూస్తారు, 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. అప్పటిదాకా గ్రౌండ్‌కి వెళ్లేముందు అరటిపండో పల్లీపట్టీయో, వచ్చాక రెండు గుడ్లు పెట్టండి. రిపోర్టులు వచ్చేవరకు ప్రాక్టీసు కాస్త తగ్గించమని కోచ్‌కి చెప్పండి, మాన్పించొద్దు. నలుగురిలో మాట్లాడుతోంది అన్నారుగా, డాక్టర్ అడిగేవాటికి మీరు కాకుండా తననే చెప్పనివ్వండి, కాసేపు మీరు బయట కూర్చున్నా పర్లేదు.