పాత హాకెన్ తుపాకీకి వారంటీ అడగొచ్చా?

ప్రశ్న: మా పక్కింటి పెద్దాయన పోయాక, ఆయన గుర్తుగా ఉంచుకోమని వాళ్లావిడ తుపాకీ ఒకటి ఇచ్చారు. థాంప్సన్ సెంటర్ కంపెనీ హాకెన్ మోడల్, 50 క్యాలిబర్, మూతి నుంచి మందు కూరి క్యాప్ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న మూత) పెట్టి పేల్చేది. ఆ క్యాప్‌ను కొట్టే హ్యామర్‌ను సగం ఎత్తి ఆపితే నిలవడం లేదు, ముందుకు పడిపోతోంది. బిల్లు లేదు. కంపెనీ జీవితకాల వారంటీ ఇచ్చిందని ఆయన చెప్పేవారు. ఎలా అడగాలి? – ఒక పాఠకుడు, ల్యాంకస్టర్, పెన్సిల్వేనియా

జవాబు: కంపెనీకి ఫోన్ చేసే ముందు లోపల మందు ఉందేమో చూడండి. యజమాని పోయాక చేతులు మారిన తుపాకుల్లో పాత మందూ గుండూ అలాగే ఉండిపోవడం రిపేర్ బెంచ్ మీద నేను చూశాను. తడి తగలని నల్లమందు ఎన్నేళ్లయినా అంటుకుంటుంది.

నిపుల్ (క్యాప్ తొడిగే చిన్న మొన) మీద క్యాప్ ఉంటే తీసేయండి. మూతి ఎవరి వైపూ లేకుండా, మీ ముఖం దానికి ఎదురుగా రాకుండా పట్టుకుని, కూరే కడ్డీని అడుగుదాకా దించి మూతి దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టండి. బయటికి తీసి గొట్టం పక్కన ఆనించండి. గీత మూతి దగ్గర ఉంచితే కొస నిపుల్ దాపులకు రావాలి. అంగుళం, రెండంగుళాల ముందే ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్టే. పేల్చి చూడొద్దు, డ్రిల్లు పెట్టొద్దు, వేడి చేయొద్దు. గన్‌స్మిత్‌కి, అంటే తుపాకులు బాగుచేసే అతనికి, ముందు ఫోన్లో చెప్పండి. గ్యాస్ ఒత్తిడితో గుండును బయటికి నెట్టే పరికరం వాళ్ల దగ్గర ఉంటుంది.

ఇక వారంటీ. హాకెన్‌ను 1970లో న్యూహాంప్‌షైర్‌లోని రోచెస్టర్‌లో మొదలుపెట్టారు. 2007లో ఆ కంపెనీని స్మిత్ అండ్ వెసన్ అనే తుపాకుల కంపెనీ కొన్నది, 2021లో అమ్మకానికి పెట్టింది, 2024లో అది మళ్లీ చేతులు మారింది. కాబట్టి మీ మొదటి ప్రశ్న ఇదే కావాలి: రోచెస్టర్‌లో తయారైన తుపాకులకు ఇప్పుడు సర్వీసు ఎవరు చేస్తున్నారు? ఇలాంటి వారంటీలు చాలావరకు మొదట కొన్నవాళ్లకే రాసిస్తారు. అందుకని కొన్నది నేనే అని మాత్రం చెప్పకండి. ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు రాయండి. హక్కుగా రానిది కూడా మర్యాదగా అడిగితే చేసిపెట్టే సర్వీసువాళ్లు ఉన్నారు, నాకు వాళ్లంటే ఎంతో గౌరవం.

ఉత్తరంలో సీరియల్ నంబరు, రెండు వైపులా ఫొటోలు, హ్యామర్ ఏం చేస్తోందో రాయండి చాలు. ఏ భాగం అరిగిందో మీరు తేల్చక్కర్లేదు. ఇంట్లో ఆకురాయి పట్టి హ్యామర్‌ను ఆపే లోపలి గాడిని రుద్దడం అస్సలు వద్దు: వారంటీ పోతుంది, అంతకన్నా ముఖ్యంగా ఆ తుపాకీ చేతిలోనే పేలే స్థితికి వస్తుంది. గొట్టం లోపల తుప్పుంటే అది వారంటీలోకి రాదు, దాని గురించి వాదన పెట్టుకోకండి.

లాక్ (హ్యామర్, దాన్ని నడిపే భాగాలు ఉండే బిళ్ల) మాత్రమే పంపితే సరిపోతుందా అని అడగండి. హాకెన్‌లో అది చెక్క నుంచి విడిగా ఊడి వస్తుంది, పోస్టు ఖర్చూ టెన్షనూ రెండూ తగ్గుతాయి. మొత్తం తుపాకీ పంపమంటే, బాగు కాకపోతే ఇదే తుపాకీని ఇలాగే తిప్పి పంపాలని ముందే రాయించుకోండి. విడిభాగాలు లేవంటూ బదులుగా కొత్త మోడల్ ఇవ్వజూపడం ఈ వ్యాపారంలో మామూలే. మీకు కావలసింది ఆ పెద్దాయన తుపాకీ కదా!

ఫెడరల్ చట్టం ప్రకారం ఇలాంటి తుపాకీ పురాతన ఆయుధాల కోవలోకి వస్తుంది, అందుకే లైసెన్సు ఉన్న డీలర్ ద్వారానే పంపాలన్న నియమం దీనికి లేదు. కొరియర్ల నిబంధనలు వేరు, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల చట్టాలు ఇంకా కఠినం. పార్సిల్‌లో మందు, క్యాప్‌లు ఉండకూడదు.

కంపెనీ కుదరదంటే నిరాశ పడొద్దు. సౌత్ కరోలినాలోని ఎల్ అండ్ ఆర్ అనే సంస్థ హాకెన్‌లో అమరేలా లాక్‌లు చేస్తుంది. డబ్బు పెట్టాలి, గన్‌స్మిత్ చేత కాస్త సర్దించుకోవాలి, కానీ తుపాకీ నిలుస్తుంది. వేటకు తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఒక మాట: పెన్సిల్వేనియాలో మూతి నుంచి మందు కూరే తుపాకుల్లో క్రిస్మస్ తర్వాతి జింకల సీజన్ చెకుముకిరాయితో పేలేవాటికే. క్యాప్‌తో పేలే మీ తుపాకీకి అక్టోబరు సీజన్ సరిపోతుంది.