ట్రెక్కింగ్ ప్యాకెట్లలో ఉప్పు: బీపీ ఉన్నవాళ్లు తినొచ్చా?

ప్రశ్న: మేడమ్, నా వయసు 58. బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటున్నాను, కంట్రోల్‌లోనే ఉంది. వచ్చే నెల వాకింగ్ మిత్రులతో ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్‌కి వెళ్తున్నాం. మా అబ్బాయి ఫ్రీజ్ డ్రై చేసిన రాజ్మా రైస్, కిచిడీ ప్యాకెట్లు కొనిచ్చాడు. ఒక్కోటి 90 గ్రాములు. 100 గ్రాములకు సోడియం 1,150 మిల్లీగ్రాములని రాసుంది. 627, 631 అనే నంబర్లు కూడా ఉన్నాయి. పాడవకుండా ఉప్పు, కెమికల్స్ దట్టించి ఉంటారని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. తినొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇవి నిలవ ఉండేది ఉప్పు వల్ల కాదండీ. వండిన అన్నాన్ని గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో పెడతారు. అక్కడ మంచు కరిగి నీరవకుండా నేరుగా ఆవిరైపోతుంది. తడి లేనిచోట బూజు, బాక్టీరియా పెరగవు. డబ్బాలో కందిపప్పు నెలల తరబడి ఉంటోందంటే అందులో ఉప్పు కలిపామనా? ఇదీ అంతే. కాబట్టి మీ ప్యాకెట్‌లో ఉప్పు కేవలం రుచి కోసం వేసింది. తగ్గించినా తిండి పాడవదు. అయినా తగ్గించరు, నా బాధంతా అదే.

ఇప్పుడు లెక్క చూద్దాం. 90 గ్రాముల ప్యాకెట్ మొత్తం తింటే సోడియం 1,035 మిల్లీగ్రాములు. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది, అంటే దాదాపు 2.6 గ్రాములు. పెద్దవాళ్లకు రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే 2,000 మిల్లీగ్రాముల లోపు సోడియం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పూటకొకటి చొప్పున రెండు తిన్నారంటే ఆ గీత దాటేసినట్టే. ఇక మనవాళ్లు బ్యాగులో ఆవకాయ సీసా, కందిపొడి పెట్టకుండా పంపరు కదా! ఆ ఉప్పు దీనికి అదనం. కొన్ని ప్యాకెట్ల మీద ‘ఇద్దరికి’ అని రాసి, ఒకరి వంతు సోడియమే చూపిస్తారు. ప్యాకెట్ మొత్తానికి ఎంతో మీరే లెక్కేసుకోండి.

627, 631 రుచి పెంచే పదార్థాలు. అజినమోటో పేరుతో మనం పిలిచే ఎమ్మెస్జీ కూడా ఈ కోవదే, దాని నంబరు 621. దాన్ని 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు నుంచి వేరుచేశారు. టమాటాలో రుచినిచ్చే గ్లూటమేటే అందులోనూ ఉంటుంది. పైగా ఎమ్మెస్జీలో సోడియం 12 శాతమే, మామూలు ఉప్పులో దాదాపు 40 శాతం. అందుకే మీ విషయంలో ఈ నంబర్ల కన్నా ఉప్పు గురించే నాకు ఎక్కువ దిగులు. అయితే యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లు, గౌట్ (దానివల్ల వచ్చే కీళ్లవాపు) ఉన్నవాళ్లు 627, 631 ఉన్నవి మానుకోవడం మంచిది.

ఆ దారిలో లాడ్జిల్లో వేడివేడి దాల్ భాత్ దొరుకుతుంది. అది దొరికినచోట అదే తినండి, ఉప్పు తక్కువ వేయమని ముందే చెప్పండి. ప్యాకెట్ రోజుకి ఒక్కటి చాలు. దాన్ని కూడా ఉప్పు లేని అటుకులతో సగం సగం కలిపితే కడుపూ నిండుతుంది, ఉప్పూ పలచబడుతుంది. నీళ్లు పోసే ముందు లోపలున్న, ఆక్సిజన్‌ని పీల్చేసే చిన్న పొట్లం తీసేయండి. పొడవాటి చెంచాతో అడుగు మూలల దాకా కలపండి. ఉప్పు, మసాలా అక్కడే పేరుకుంటాయి, కలపకపోతే చివరి ముద్దలు ఉప్పుకషాయంలా ఉంటాయి. 5,000 మీటర్ల ఎత్తులో నీళ్లు 83 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి, ప్యాకెట్ మీద రాసిన దానికన్నా ఇంకాస్త ఎక్కువసేపు మూతపెట్టి ఉంచండి. గింజ లోపలిదాకా నానాలి.

బజార్లో దొరికే ‘లో సోడియం’ ఉప్పు మాత్రం వెంట తీసుకెళ్లొద్దు. అందులో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టాన్ కూడా రక్తంలో పొటాషియం పెంచే మందే, రెండూ కలిస్తే గుండె లయ దెబ్బతినొచ్చు. ఎత్తుకి వెళ్లేకొద్దీ బీపీ కాస్త పెరుగుతుంది కూడా. బయల్దేరేముందు మీ డాక్టర్‌ని కలిసి, అక్కడ మాత్ర డోసు మార్చాలా, ఎంత రీడింగ్ వస్తే కిందికి దిగిపోవాలి అని అడిగి, కాగితం మీద రాయించుకుని వెళ్లండి.