లారీ కాగితాలు పారేయకు

చిరంజీవి బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

గుణుపురంలో ఇనుము, సిమెంటు కొట్టు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లో ఆడపిల్ల గల్లాపెట్టె ముందు కూర్చోవడం ఇదే మొదటిసారి. సంతోషం పట్టలేక వీధంతా చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎవరో కిలోకి రెండు రూపాయలు తక్కువకు కడ్డీలు ఇస్తానని వచ్చాడట కదా, నా టెన్షన్ అంతా వాడి గురించే.

రిజిస్ట్రేషన్, బ్యాంకులో కరెంట్ ఖాతా, బోర్డు మీ ఆడిటర్ చూసుకుంటాడు. అప్పు ఎవరికి ఇవ్వాలో ఊరే నేర్పుతుంది.

జీఎస్టీకి ముందున్న అమ్మకం పన్ను, అదే వ్యాట్, వచ్చింది 2005లో. ఆ కొత్తలో మీ నాన్న ఒక వ్యాపారి దగ్గర కడ్డీలు కొన్నాడు. సరుకు వచ్చింది, తూకం సరిపోయింది, బిల్లు ఇచ్చారు, డబ్బు చెక్కుతోనే కట్టాడు. అప్పుడు ఇనుము మీద పన్ను 4 శాతం. అమ్మినవాడికి కట్టిన ఆ పన్నును, తాను సర్కారుకు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకున్నాడు. కొన్నాళ్లకు నోటీసు. బిల్లు ఇచ్చినవాడు పన్ను జమ చేయలేదు, ఆ చిరునామాలో గోడౌనే లేదు. సరుకు ఎవరిదో, బిల్లు ఇంకెవరిదో. ఈ సంగతి మీ నాన్నకేం తెలుసు? ఆఫీసరు అడిగిందల్లా ఏ లారీలో వచ్చింది, కిరాయి ఎవరిచ్చారు, ఎక్కడ దించారు అని. లారీ రసీదు, కాటా చీటీ దసరాకి కొట్టు సర్దినప్పుడు పాత పేపర్లతో పాటు పోయాయి. హమాలీలకిచ్చిన డబ్బు ఏ పుస్తకంలోనూ రాయలేదు. 'ఈ వీధిలో ఇళ్లు లేచింది ఆ కడ్డీలతోనే, వెళ్లి అడగండి' అన్నాడు పిచ్చివాడు. పన్ను మళ్లీ కట్టాడు, పైన వడ్డీ, జరిమానా. ఉత్తుత్తి కొనుగోలు అని రాశారు చూడు, డబ్బు కంటే ఆ మాటే వాడిని తినేసింది. ఆ ఏడు నీ స్కూలు ఫీజు నేను కట్టాను. నీకు చెప్పొద్దన్నాడు. ఇప్పుడు వాడు లేడు కాబట్టి చెబుతున్నాను.

2023 మార్చిలో కర్ణాటక కాఫీ వ్యాపారుల కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అదీ వ్యాట్ కేసే. బిల్లు, చెక్కు చూపిస్తే చాలదు, బండి నంబరు, కిరాయి చెల్లింపు, సరుకు ముట్టినట్టు రసీదు కూడా ఉండాలంది. రుజువు చేసుకోవాల్సింది కొన్నవాడే. జీఎస్టీలోనూ అంతే. అదే ఏడు కలకత్తా హైకోర్టు ఒక కేసులో, ముందు అమ్మినవాడిని పట్టుకోండి, ఆ తర్వాతే కొన్నవాడి జోలికి వెళ్లండి అంది. మంచిదే. కానీ నీ కొట్టు మూసుకుని హైకోర్టు చుట్టూ తిరుగుతావా?

కాబట్టి ఆ చవక బేరగాడి జీఎస్టీ నంబరు పోర్టల్‌లో కొట్టి చూడు. ఒడిశావాడైతే 21తో, ఆంధ్రావాడైతే 37తో మొదలవ్వాలి. రిటర్నులు వేస్తున్నాడో లేదో అక్కడే కనబడుతుంది. వాడి గోడౌన్‌కి నువ్వే వెళ్లి చూడు, సిగ్గుపడకు. సరుకు విలువ 50 వేలు దాటితే లారీ వెంట ఈ-వే బిల్లు అని రవాణా కాగితం ఉంటుంది, అందులో లారీ ఎక్కడ బయలుదేరిందో చదువు. కంపెనీ నుంచి నేరుగా వచ్చే లోడ్లూ ఉంటాయనుకో, అయినా చోటు తేడాగా ఉంటే అడుగు. చెప్పలేక నసిగితే లోడు దించనివ్వకు. టన్నుకు రెండు వేలు మిగులుతుందని చూసుకుంటే, 18 శాతం పన్ను నెత్తిన పడుతుంది.

సరుకు లేకుండా బిల్లు మాత్రం ఇస్తాం, కమీషన్ ఇస్తే చాలు అనేవాళ్లూ వస్తారు. వాళ్లకి టీ కూడా ఇవ్వకు! నువ్వు అలాంటిదానివి కావని తెలుసే తల్లీ, అయినా చెప్పకుండా ఉండలేను.

ప్రతి నెలా 14 తర్వాత పోర్టల్‌లో 2బీ చూడు, అంటే నీకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల పట్టీ. అందులో నీ బిల్లులు వచ్చాయో లేదో చూసుకో. రానివాడికి తర్వాతి ఆర్డరు ఇవ్వకు. బిల్లు డబ్బు 180 రోజుల్లోపు కట్టెయ్యి. బిల్లు, ఈ-వే బిల్లు, లారీ రసీదు, కాటా చీటీ, హమాలీ వోచరు కలిపి ఒకే పిన్ను కొట్టు, ఫోన్లో ఫోటో తీసుకో. వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి. దసరాకి కొట్టు సర్దినా వాటి జోలికి వెళ్లకు.

ఇక్కడ నా ఇనుప బీరువా ఖాళీగా ఉంది, వచ్చేవారం వ్యానులో పంపిస్తాను. అందులో చీరలు పెట్టావని తెలిస్తే ఊరుకోను.

మీ పెదనాన్న