పీహా తీరంలో నిమ్మళంగా కనిపించే నీటిని నమ్మవద్దు

ప్రశ్న: మా అబ్బాయి న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జనవరిలో మేము వెళ్లినప్పుడు పీహా తీరానికి తీసుకువెళతానంటున్నాడు. వాడు ఈమధ్యే సర్ఫింగ్ నేర్చుకుంటున్నాడు, మాకు ఈత అంతంతమాత్రమే. అలలు తక్కువగా ఉన్న చోటు చూసుకుని నీళ్లలో దిగవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: పీహాకు తప్పకుండా వెళ్లండి. ఆక్లాండ్‌కు పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, వైటాకెరే కొండల అడవి దాటాక వచ్చే ఆ నల్ల ఇసుక తీరం చూసి తీరవలసినదే. 1958లో ఇద్దరు అమెరికా లైఫ్‌గార్డులు తమ తేలికపాటి బోర్డులతో అక్కడ అలలపై స్వారీ చేసి చూపిన నాటి నుంచి ఆ దేశపు సర్ఫింగ్‌కు అది పుట్టినిల్లుగా పేరు పొందింది. అయితే అలలు తక్కువగా ఉన్న చోట దిగాలన్న మీ ఆలోచన మాత్రం అక్కడ ప్రాణాంతకం కావచ్చు.

టాస్మన్ సముద్రం మీదుగా వచ్చే పెద్ద అలలు ఇసుక మేటలపై విరిగి ఒడ్డుకు ఎంతో నీటిని తెచ్చిపోస్తాయి. ఆ నీరంతా తిరిగి వెళ్లడానికి మేటల మధ్య లోతైన కాలువలు ఏర్పడతాయి. లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అలలు అంతగా విరగవు. పైకి నిమ్మళంగా కనిపించే ఆ నీరే మనిషిని సముద్రంలోకి లాగేస్తుంది; దానినే రిప్ కరెంట్ అంటారు. పీహాకు దిగే రోడ్డు మీద ఒక చోటు నుంచి లయన్ రాక్ అనే పెద్ద బండ, తీరం మొత్తం కనిపిస్తాయి. అక్కడ కారు ఆపి కాసేపు కిందికి చూడండి. తెల్లని నురగ బారుల మధ్య ముదురు రంగులో నురగ లేని సందులు కనిపిస్తాయి. మీరు దిగకూడని చోట్లు అవే.

లైఫ్‌గార్డులు పాతిన ఎరుపు-పసుపు రంగుల జెండాల మధ్య, వారి కళ్లెదుట మాత్రమే నీళ్లలోకి దిగండి, అదీ మోకాలి లోతు దాటకుండా. ఒకవేళ ప్రవాహం లాగితే దానికి ఎదురీదకండి. అలసటే ముంచుతుంది. వెల్లకిలా తేలుతూ చేయి పైకెత్తి సాయం కోరాలి. అనుభవం ఉన్న సర్ఫర్లు అదే ప్రవాహాన్ని ఆసరా చేసుకుని లోపలికి వెళతారు కానీ, మీ అబ్బాయి వారిని చూసి అనుకరించకూడదు. బోర్డుల వారు ఈతగాళ్ల జెండాలకు అవతల ఉండాలి, బోర్డును కాలికి కలిపే తాడు కట్టుకోవాలి, ఏం జరిగినా బోర్డును వదలకూడదు.

నాకు మరింత భయం కలిగించేవి నీటి అంచున ఉండే బండరాళ్లు. చాలాసేపు చిన్న అలలే వచ్చి, ఉన్నట్టుండి పెద్ద అలల వరుస విరుచుకుపడుతుంది. ఫోటో కోసమైనా సముద్రానికి వీపు పెట్టి నిలబడకండి. ఎండలో ఆ నల్ల ఇసుక అరికాళ్లను కాలుస్తుంది కనుక చెప్పులు వదలవద్దు. లైఫ్‌గార్డులు లేని సమయంలో ఎవరైనా కొట్టుకుపోతే వెంటనే దూకకుండా, 111కు ఫోన్ చేసి పోలీసులను అడగండి.